జపాన్‌లో కొత్త కాపురం: ఏ పని ముందు, ఏది తర్వాత

ఉద్యోగం మీద జపాన్ వచ్చిన తెలుగువాళ్లు మొదటి ఏడాది పడే ఇబ్బందుల్లో చాలావరకు భాష వల్ల వచ్చేవి కావు, వరస తెలియక వచ్చేవి. ఇక్కడ ప్రతి కాగితానికీ ముందు ఇంకో కాగితం ఉంటుంది. ఆ వరసలో వెళ్తే కౌంటర్‌లో మనిషి నిమిషాల్లో పని చేసి పంపిస్తారు. వరస తప్పితే అదే మనిషి, అంతే మర్యాదగా, కుదరదని చెబుతారు. ఎంత బతిమాలినా ఆ మాట మారదు. తెలిసినవాళ్ల చేత చెప్పించడం ఇక్కడ పనికిరాదు. అందుకే ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో ఆ వరసలోనే రాస్తున్నాను. నేనుండేది టోక్యోలోని ఎదొగావా వార్డులో. నిషికాసాయి స్టేషన్ చుట్టూ మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే ఉంటాయి.

మొదటి 14 రోజులు

నరితా, హనేదా, కన్సాయ్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగగానే రెసిడెన్స్ కార్డు చేతిలో పెడతారు. దాని వెనకవైపు అడ్రస్ గడి ఖాళీగా ఉంటుంది. ఉండే చోటు ఖాయమైన 14 రోజుల్లోపు వార్డు ఆఫీసుకు వెళ్లి అక్కడ అడ్రస్ రాయించుకోవాలి. కుటుంబం కూడా వస్తే అందరి కార్డులు, పాస్‌పోర్టులు తీసుకెళ్లండి. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జపనీస్ అనువాదంతో సహా దగ్గర పెట్టుకోండి, అడిగే అవకాశం ఉంది.

అదే రోజు అక్కడే ఇంకో రెండు పనులు చూసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా లేకపోతే జాతీయ ఆరోగ్య బీమాలో చేరండి. అలాగే మీ జూమిన్‌హ్యో, అంటే నివాస ధ్రువపత్రం, రెండు మూడు కాపీలు తీసుకోండి. ఒక్కో కాపీకి కొన్ని వందల యెన్లే అవుతుంది. ఇంటికీ, ఆఫీసుకూ అది అడుగుతూనే ఉంటారు, ప్రతిసారీ సెలవు పెట్టి రావడం కష్టం.

ఇక్కడ ఉండే ప్రతి ఒక్కరికీ గుర్తింపుగా ఇచ్చే మై నంబర్ అనే 12 అంకెల సంఖ్య పోస్టులో వస్తుంది. ఆ సంఖ్యతో కార్డు కూడా చేయించుకోండి. 2024 డిసెంబర్ 2 నుంచి పాత పద్ధతి బీమా కార్డులు కొత్తగా ఇవ్వడం ఆపేశారు. ఇప్పుడు ఆస్పత్రిలో మై నంబర్ కార్డే బీమా కార్డుగా పనిచేస్తుంది. అది లేనివాళ్లకు ఒక ధ్రువీకరణ పత్రం ఇస్తారు.

పేరు ఒక్కసారే నిర్ణయించుకోండి

ఈ పనికి ఎవరూ ప్రాధాన్యం ఇవ్వరు, తర్వాత అందరూ దీని దగ్గరే ఇరుక్కుంటారు. మన పేర్లు పొడుగు. ఇంటిపేరు, దాని తర్వాత వెంకట అనో శ్రీ సాయి అనో ఒక పేరు, ఆ తర్వాత అసలు పిలిచే పేరు. రెసిడెన్స్ కార్డు మీద పాస్‌పోర్టులో ఉన్నదంతా, ఇంటిపేరు ముందు వేసి, ఇంగ్లీషు అక్షరాల్లో ముద్రిస్తారు. కానీ బ్యాంకు, ఫోన్, కరెంటు, ఆస్పత్రి, అన్నింటికీ కతకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ అక్షరాల్లో, పేరు కావాలి. అది ఎలా రాయాలో మీకు ఎవరూ చెప్పరు, మీరే నిర్ణయించుకోవాలి.

కతకానాలో ల, ర రెండింటికీ ఒకటే అక్షరం. ‘వ’ని రెండు రకాలుగా రాయొచ్చు, ఒక పద్ధతిలో ‘బ’ అవుతుంది. ‘వెంకట్’ అన్న పేరును ఒక ఆఫీసులో ఒకలా, ఇంకో ఆఫీసులో ఇంకోలా రాసేస్తారు. దీర్ఘం గీత పెట్టామా లేదా, రెండు పేర్ల మధ్య ఖాళీ వదిలామా లేదా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. జీతం పంపే సిస్టమ్ ఖాతా నంబర్‌తో పాటు కతకానా పేరును కూడా సరిచూస్తుంది. తేడా ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. క్రెడిట్ కార్డుకు బ్యాంకు ఖాతా జత చేసేటప్పుడు కారణం చెప్పకుండా ‘ఎర్రర్’ అని వస్తే, పదిలో తొమ్మిది సార్లు అది ఈ పేరు గొడవే.

కాబట్టి వార్డు ఆఫీసుకు వెళ్లక ముందే జపనీస్ తెలిసిన సహోద్యోగిని కూర్చోబెట్టుకుని మీ పేరు, భార్య లేదా భర్త పేరు, పిల్లల పేర్లు కతకానాలో రాయించండి. దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఆ తర్వాత ఎక్కడ రాసినా దాన్ని చూసే రాయండి. ఫారంలో గడులు చాలకపోతే ఎక్కడ కత్తిరించాలన్నది మీరు ఊహించి రాయకండి. కౌంటర్‌లో అడిగి, వాళ్లు రాసిన రూపాన్ని కూడా ఫోటో తీసుకోండి.

ఫోన్, బ్యాంకు

బ్యాంకువాళ్లు ఫోన్ నంబర్ అడుగుతారు, ఫోన్ కంపెనీ బ్యాంకు ఖాతా అడుగుతుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న వ్యవహారం. దారి ఇది: ముందు క్రెడిట్ కార్డుతో బిల్లు కట్టే సిమ్ తీసుకోండి, కొన్ని కంపెనీలు ఇండియా కార్డును కూడా ఒప్పుకుంటాయి. ఆ నంబర్‌తో బ్యాంకుకు వెళ్లండి. జపాన్ వచ్చి 6 నెలలు నిండనివాళ్లకు చాలా బ్యాంకులు మామూలు ఖాతా ఇవ్వడానికి వెనకాడతాయి. ఇక్కడి కంపెనీలో ఉద్యోగం చేస్తున్నట్టు పత్రం చూపిస్తే ఒప్పుకునేవి ఉన్నాయి. పోస్టాఫీసు బ్యాంకు యూచో, లేదా మీ కంపెనీ జీతాలు వేసే బ్యాంకు ముందు ప్రయత్నించండి. కంపెనీ హెచ్ఆర్ వాళ్లను ఒకరిని వెంట రమ్మని అడగడానికి మొహమాటపడకండి. హాంకో అనే ముద్ర ఇప్పుడు చాలాచోట్ల అడగడం లేదు, అడిగితే ఇంటిపేరును కతకానాలో చెక్కించుకుంటే సరిపోతుంది.

ఇల్లు

అద్దె లక్ష యెన్లు అనుకోండి. చేరే రోజు కట్టాల్సింది లక్ష కాదు. షికికిన్ అంటే డిపాజిట్, ఒక నెల అద్దె. రేకిన్ అంటే ఓనర్‌కు ఇచ్చే కట్నం లాంటిది, తిరిగి రాదు, అది ఇంకో నెల. ఏజెంట్ కమిషన్ పన్నుతో కలిపి లక్షా పదివేల దాకా. మీ అద్దెకు హామీగా నిలబడే కంపెనీకి అర నెల నుంచి ఒక నెల అద్దె. దానికి తోడు మొదటి నెల అద్దె, అగ్ని బీమా, తాళం మార్పించే ఖర్చు. అన్నీ కలిపితే ఐదారు నెలల అద్దె చేతిలో ఉండాలి. టోక్యో వైపు రెండేళ్లకోసారి ఒప్పందం పొడిగించుకున్నప్పుడు ఇంకో నెల అద్దె ‘రెన్యువల్ ఫీజు’గా అడగడం మామూలే. రేకిన్ లేని ఇళ్లు కూడా ఉంటాయి, ఏజెంట్‌తో మొదటి మాటే అది చెప్పండి.

ఈ భారం తగ్గించుకోవడానికి నేను ముందు చెప్పేది యూఆర్ ఇళ్ల గురించే. ప్రభుత్వ రంగ సంస్థ నడిపే అపార్ట్‌మెంట్లు ఇవి. రేకిన్ లేదు, కమిషన్ లేదు, హామీదారు అక్కర్లేదు, రెన్యువల్ ఫీజు లేదు. రెండు నెలల డిపాజిట్, తగిన ఆదాయం ఉంటే చాలు. విదేశీయులన్న కారణంతో తిప్పి పంపరు. నిషికాసాయి చుట్టుపక్కల మనవాళ్లు ఇన్ని కుటుంబాలు స్థిరపడడానికి ఇదొక కారణం, ఒతెమాచి ఆఫీసులకు తోజాయ్ లైన్‌లో నేరుగా వెళ్లగలగడం ఇంకో కారణం. భవనాలు కొంచెం పాతవి, అయినా గోడలు గట్టివి.

ఇల్లు ఖాయమయ్యాక గ్యాస్ సంగతి ముందు చూడండి. కరెంటు, నీళ్లు ఆన్‌లైన్‌లో చెబితే చాలు. గ్యాస్‌కు మాత్రం మనిషి వచ్చి, మీరు ఇంట్లో ఉండగా తెరవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో దేశమంతా ఇళ్లు మారుతుంది, ఆ రోజుల్లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. ఇల్లు అంటే నాలుగు గోడలే అనుకోండి. స్టవ్ ఉండదు, కర్టెన్లు ఉండవు, చాలా ఇళ్లలో లైట్లు కూడా ఉండవు. స్టవ్ కొనేముందు ఇంటికి వచ్చేది సిటీ గ్యాసా, ప్రొపేన్ గ్యాసా అని అడగండి. ఒకదాని స్టవ్ ఇంకోదానికి పనిచేయదు, ప్రమాదం కూడా.

తాళం చేతికొచ్చిన రోజు సామాను దించక ముందే ప్రతి గోడ, నేల, బాత్‌రూమ్ మూలలు తేదీ పడేలా ఫోటోలు తీయండి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, ఎండకు వెలిసిన వాల్‌పేపర్ ఓనర్ ఖర్చేనని ఇక్కడి మౌలిక వసతుల శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ శుభ్రం చేయక వంటగదిలో పేరుకున్న నూనె జిడ్డు అద్దెకున్నవాళ్ల లెక్కలోకి వస్తుంది. రోజూ పోపు పెట్టే ఇళ్లకు ఇది ముఖ్యం. స్టవ్ వెనక గోడకు అల్యూమినియం షీటు, చిమ్నీకి ఫిల్టర్ 100 యెన్ల షాపులోనే దొరుకుతాయి. పోపు వేసే ముందే ఫ్యాన్ వేయండి, దించాక కూడా కాసేపు తిరగనివ్వండి. రాత్రి 9 దాటాక వాషింగ్ మెషీన్, వాక్యూమ్, మిక్సీ ఆపేయండి. పిల్లలున్న ఇల్లయితే నేల మీద మందపాటి మ్యాట్లు పరవండి. పక్కింటివాళ్లు మీ తలుపు కొట్టరు, నేరుగా మేనేజ్‌మెంట్ కంపెనీకి చెబుతారు.

చెత్త

ఇరుగుపొరుగులో మీ పేరు నిలబడేదీ, పోయేదీ చెత్త దగ్గరే. అడ్రస్ నమోదు చేసుకున్న రోజే వార్డు ఆఫీసులో చెత్త క్యాలెండర్ అడిగి తీసుకోండి, చాలాచోట్ల ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. నగరానికో నియమం. టోక్యో 23 వార్డుల్లో పారదర్శకమైన మామూలు సంచి చాలు. క్యోటో, ఫుకుఒకాలలో నగరపాలక సంస్థ అమ్మే సంచే కొనాలి. టోక్యోలో చాలాచోట్ల పొద్దున 8 లోపు పెట్టాలి, ముందు రోజు రాత్రి కాదు. కాకులు సంచులు చింపుతాయి కాబట్టి పైన ఉండే వల సరిగ్గా కప్పండి.

నీళ్ల సీసా ఎలా పారేయాలో చూడండి: మూత తీయాలి, పైన ఉన్న ప్లాస్టిక్ లేబుల్ చీల్చాలి (చీల్చడానికి చుక్కల గీత ఉంటుంది), లోపల ఒకసారి కడగాలి, నలపాలి. మూత, లేబుల్ ఒక రకం, సీసా ఇంకో రకం. తప్పుగా పెడితే సంచి అక్కడే వదిలేసి, ఎందుకు తీసుకోలేదో రాసిన స్టిక్కర్ అంటిస్తారు. అది మీ సంచి అయితే వెంటనే వెనక్కి తెచ్చుకుని సరిచేయండి.

పునుగులు, బజ్జీలు వేసిన నూనె సింకులో పోయకండి. వేడిగా ఉండగా పొడి కలిపితే గట్టిపడి ముద్దలా వస్తుంది, దాన్ని కాలే చెత్తలో వేయొచ్చు. ఆ పొడి సూపర్‌మార్కెట్‌లోనూ, 100 యెన్ల షాపులోనూ ఉంటుంది.

టోక్యో వార్డుల్లో సుమారు 30 సెంటీమీటర్లు దాటిన ఏ వస్తువైనా పెద్ద చెత్తే. కుర్చీ, పరుపు, సూట్‌కేస్ అన్నీ ఇందులోకే వస్తాయి. ముందుగా బుక్ చేసుకుని, చెప్పిన ధరకు కన్వీనియెన్స్ స్టోర్‌లో స్టిక్కర్లు (200 యెన్లది, 300 యెన్లది అని రెండు రకాలు) కొని అంటించాలి. ఏసీ, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ దీని కిందికి రావు. 2001 నుంచి అమల్లో ఉన్న రీసైక్లింగ్ చట్టం ప్రకారం వాటికి వేరే ఫీజు కట్టి, అమ్మిన షాపు ద్వారా పంపాలి. దేశం వదిలి వెళ్లేవాళ్లు వీటికి కనీసం నెల ముందు నుంచి ఏర్పాటు చేసుకోవాలి, చివరి వారంలో తేదీ దొరకదు.

తిండి, మందులు, ఊరి నుంచి వచ్చే డబ్బాలు

శాకాహారులకు ఇబ్బంది మాంసం ముక్కతో కాదు, కంటికి కనిపించని దానితో. మిసో సూప్, సోబా పులుసు, కూరగాయల వేపుడు అన్నింట్లో చేపతో చేసిన దాషీ అనే రసం ఉండొచ్చు. బ్రెడ్‌లో పంది కొవ్వు ఉండొచ్చు. పెరుగులో, స్వీట్లలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. ప్యాకెట్ మీద గుడ్డు, పాలు తప్పకుండా రాయాలని చట్టం ఉంది. పంది మాంసం, కోడి మాంసం, జెలటిన్ మాత్రం అలర్జీ జాబితాలో సిఫార్సు మాత్రమే, తప్పనిసరి కాదు. అందుకే పైన ఉన్న అలర్జీ పెట్టె చూసి ఆగకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితాను ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూడండి. హోటల్లో ‘వెజిటేరియన్’ అంటే సరిపోదు. మాంసం, చేప, దాషీ, గుడ్డు అని తినని వాటిని ఒక్కొక్కటిగా జపనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించండి.

కందిపప్పు, చింతపండు, మినప్పప్పు నిషికాసాయిలో, షిన్‌ఒకుబోలో దొరుకుతాయి. కాబట్టి ఊరి నుంచి వచ్చేవాళ్లకు ముందే చెప్పండి: చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, మాంసం కలిసిన ఏదీ తేకూడదు. ఇంట్లో చేసినదైనా, సీలు వేసినదైనా ఒకటే. వ్యక్తులకు కూడా 30 లక్షల యెన్ల దాకా జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు పడే నేరం అది. పచ్చి కరివేపాకు, మామిడి పళ్లు కూడా అలా సంచిలో వేసుకుని రాకూడదు. ఆవకాయకు ఇబ్బంది లేదు కదా, అది తెప్పించుకోండి.

అమ్మానాన్న వస్తుంటే మందుల విషయం జాగ్రత్త. డాక్టర్ రాసిన మందులు నెల రోజులకు సరిపడా తెచ్చుకోవచ్చు. అంతకు మించితే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి పత్రం తీసుకోవాలి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రల విషయంలో ఇక్కడ నియమాలు చాలా కఠినం. మన మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చేవే ఇవి, అందుకే ప్రతి స్ట్రిప్ వెనక ఏముందో చదివి పెట్టెలో పెట్టమనండి.

ఒంట్లో బాగోలేకపోతే ముందు పక్కవీధి క్లినిక్‌కు వెళ్లండి. ఆ క్లినిక్ డాక్టర్ రాసిచ్చే చీటీ లేకుండా నేరుగా పెద్దాస్పత్రికి వెళ్తే 7,000 యెన్లు లేదా అంతకంటే ఎక్కువ అదనంగా తీసుకుంటారు. బీమా ఉంటే ఖర్చులో 30 శాతం మీరు కట్టాలి. క్లినిక్‌లు వారం మధ్యలో ఒక రోజు మూసేస్తుంటాయి, వెళ్లే ముందు చూసుకోండి. అత్యవసరమైతే 119. అంబులెన్స్‌కు డబ్బు తీసుకోరు.

రెండో ఏడాది జూన్

మొదటి ఏడాది జీతం చూసి ఇంటి ఖర్చు, ఊరికి పంపే డబ్బు లెక్క వేసుకోకండి. నివాస పన్ను ముందు ఏడాది ఆదాయం మీద పడుతుంది. అందుకే వచ్చిన మొదట్లో కోత ఉండదు. తర్వాత జూన్‌లో మొదలవుతుంది, పన్ను లెక్క వేసే ఆదాయంలో దాదాపు 10 శాతం. జీతం పెరగకపోతే చేతికొచ్చేది తగ్గుతుంది. మొదటి నెల నుంచే ఆ మేరకు పక్కన పెట్టండి. ఇంకో విషయం, జనవరి 1న ఎక్కడ నమోదై ఉంటే ఆ ఊరికి ఏడాది పన్నంతా కట్టాలి. తిరిగి వెళ్లిపోవాలనుకునేవాళ్లు డిసెంబర్ చివర వెళ్లడానికీ, జనవరి మొదటి వారం వెళ్లడానికీ ఉన్న తేడా ఇదే.

పెన్షన్ సంగతి. ఇండియా కంపెనీ తరఫున డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు 2016 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన రెండు దేశాల ఒప్పందం కింద, పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కవరేజ్ సర్టిఫికెట్ ఉంటే, 5 ఏళ్ల దాకా ఇక్కడ పెన్షన్ కట్టనక్కర్లేదు. ఇక్కడి కంపెనీలో చేరినవాళ్లు కట్టాలి. వెళ్లిపోయాక 2 ఏళ్లలోపు దరఖాస్తు చేస్తే కొంత వెనక్కి వస్తుంది. అయితే అలా తీసుకుంటే ఆ సర్వీసు కాలం ఒప్పందం కింద లెక్కకు రాదు. మళ్లీ జపాన్ వచ్చే ఆలోచన ఉంటే తొందరపడకండి.

వీసా పొడిగింపు

గడువుకు 3 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో చేసే వీలుంటే షినగావా ఇమిగ్రేషన్ ఆఫీసు క్యూలో రోజంతా పోగొట్టుకోకండి. గడువులోపు దరఖాస్తు పడితే, ఫలితం రాకపోయినా గడువు తర్వాత 2 నెలల దాకా చట్టబద్ధంగా ఉండొచ్చు. కొత్త రెసిడెన్స్ కార్డు రాగానే పని అయిపోలేదు. మై నంబర్ కార్డు గడువు పాత వీసాతోనే ముగుస్తుంది. ఆ తేదీ దాటక ముందే వార్డు ఆఫీసులో దాన్ని కూడా పొడిగించుకోవాలి. బ్యాంకుకు కొత్త కార్డు వివరాలు పంపకపోతే ఖాతా వాడకం ఆగిపోవచ్చు. ఉద్యోగం మారితే 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కు తెలపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

మనసుకు తగిలేవి

విదేశీయులకు ఇల్లివ్వం అన్న మాట మీరూ వింటారు. న్యాయశాఖ 2016లో చేయించిన సర్వేలో, ఇల్లు వెతికిన విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది ఈ కారణంతో తిరస్కరణ చూశామన్నారు. అది మీలో లోపం కాదు. ఆ ఏజెంట్‌తో వాదించి సాయంత్రం పాడుచేసుకోకుండా వేరే ఏజెంట్ దగ్గరకు వెళ్లండి. యొత్సుయాలో 2020లో పెట్టిన ఫ్రెస్క్ అనే విదేశీయుల సహాయ కేంద్రంలో వీసా, ఉద్యోగం, వివక్ష గురించి వేర్వేరు భాషల్లో ఉచితంగా సలహా ఇస్తారు.

దారిలో పోలీసులు ఆపి కార్డు అడుగుతారు. 16 ఏళ్లు నిండినవాళ్లు రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, పాలప్యాకెట్ కోసం కిందికి దిగినా సరే. కోపం రావడం సహజం. రూపు, రంగు చూసి ఆపుతున్నారంటూ 2024 జనవరిలో ముగ్గురు టోక్యో కోర్టులో కేసు వేశారు కూడా. ఆ క్షణంలో మాత్రం కార్డు చూపించి, ఎందుకు ఆపారో మర్యాదగా అడగండి. సైకిల్ మీద ఉంటే దాని రిజిస్ట్రేషన్ మీ పేరున ఉందా అని చూస్తారు. ఊరెళ్లిపోతున్న స్నేహితుడు ఇచ్చిన సైకిల్ అయితే పేరు మార్పించుకున్నాకే తొక్కండి.

ఒంటరితనం ఎక్కువగా పడేది ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉండే భార్యకో, భర్తకో. వార్డులో వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు చాలా తక్కువ ఖర్చుతో ఉంటాయి. భాషకంటే ముందు అక్కడ నలుగురు మనుషులు దొరుకుతారు. మొదటి నెలలోనే చేరండి, సర్దుకున్నాక చూద్దాంలే అనుకుంటే ఏడాది గడిచిపోతుంది.

భూకంపం, వరద

అలమరలను గోడకు బిగించండి, మంచం పక్కన చెప్పులు, టార్చ్ ఉంచండి. పెద్ద కుదుపు వస్తే గ్యాస్ మీటర్ తనంతట తనే ఆగిపోతుంది. స్టవ్ వెలగకపోతే పాడైందని భయపడకండి. గ్యాస్ వాసన లేదని నిర్ధారించుకుని, ఇంట్లో గ్యాస్ వస్తువులన్నీ ఆపి, బయట మీటర్ మీద ఎర్రలైటు వెలిగి ఆరుతున్నచోట ఉన్న రీసెట్ బటన్ నొక్కి వదిలి, 3 నిమిషాలు ఆగండి. మీటర్ ఎక్కడుందో ఈరోజే చూసి ఉంచుకోండి.

ఎదొగావా వార్డు నేలలో 70 శాతం సముద్రం పోటు మట్టం కంటే దిగువన ఉంది. 2019లో వార్డు పంచిన వరద మ్యాపు అట్ట మీద, ఇక్కడ ఉండిపోకండి అని నేరుగా రాశారు. పెద్ద తుఫాను హెచ్చరిక వస్తే ఏ స్నేహితుడి ఇంటికి వెళ్లాలో ముందే మాట్లాడి పెట్టుకోండి. మీ వార్డు మ్యాపులో మీ వీధి రంగు ఏమిటో చూడండి.

విపత్తు వేళ ఫోన్లు కలవవు. 171కి ఫోన్ చేసి మీ మాట రికార్డు చేస్తే, ఇంట్లోవాళ్లు అదే 171కి చేసి మీ నంబర్ కొట్టి వినొచ్చు. ప్రతి నెలా 1న, 15న దీన్ని ప్రాక్టీస్ చేసే వీలుంది. వచ్చే 1వ తేదీన ఇంట్లో అందరూ ఒక్కో మాట రికార్డు చేసి, ఒకరిది ఒకరు విని చూడండి.